నానమ్మ వదులు చేసింది

ఆదివారం పొద్దున డ్యూటీకి బయల్దేరే ముందు కోడలు చేసే ఆఖరి పని ఒకటుంది. వంటింటి బల్ల దగ్గర ఎనిమిదేళ్ళ కూతుర్ని కూర్చోబెట్టి, దాని నోట్లోంచి పళ్ళ డాక్టరు పెట్టిన ప్లేటు తీయించింది. ప్లేటు మధ్యలో చిన్న మర ఉంటుంది. అందులో సన్నని తీగ దూర్చి, బాణం గుర్తు వైపు ఒక్కసారి తిప్పింది. మళ్ళీ పెట్టుకోగానే పిల్ల కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"బిగుతుగా ఉందమ్మా."

"రెండ్రోజులే. పై దవడ ఇరుగ్గా ఉంది, ఇప్పుడే వెడల్పు చేయాలని డాక్టరుగారు చెప్పారుగా. మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అంటూనే చెప్పులు తొడుక్కుని, మందుల షాపుకి పరుగెత్తింది.

కిటికీ పక్కన కుట్టుమిషను ముందున్న అత్తగారు పిల్ల కన్నీళ్ళు చూసి తొక్కడం ఆపేసింది. నలభై ఏళ్ళు ఊరందరికీ బట్టలు కుట్టిన మనిషి. బిగుతంటే ఆవిడకు తెలిసిన అర్థం ఒకటే, కొలత తప్పిందని. తప్పిన కొలతను విప్పి వదులు చేయాలి. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పిల్ల ప్లేటు తీసి పక్కన పెడితే, దబ్బనం మొనతో మరను వెనక్కి తిప్పేసింది. రెండు నెలలుగా ప్రతి ఆదివారం అదే పని.

"మా నానమ్మ బంగారం!" అని పిల్ల మెడకు చుట్టుకుంది.

"అమ్మతో అనకేం," అంది బంగారం.

మర్నాడు సాయంత్రం పిల్లతో పళ్ళ ఆసుపత్రి నుంచి వచ్చిన కోడలు బ్యాగు కుర్చీలోకి విసిరేసింది. ముఖం కందగడ్డలా ఉంది.

"వెంట్రుకవాసి కూడా జరగలేదట అత్తయ్యా! దవడ పాత అచ్చూ కొత్త అచ్చూ పక్కపక్కన పెట్టి చూపించారు. 'మర తిప్పడం మానేసి వచ్చి నా టైం తింటున్నారా' అని అందరి ముందూ కడిగేశారు. ప్లేటు మధ్యలో చీలిక పెరగాలట, నేనది చూసుకోనేలేదు. ఇంకోసారి ఇలాగే వస్తే వైద్యం మానేద్దామన్నారు. పెద్దయ్యాక ఎముక గట్టిపడితే ఇక ఆపరేషనే గతట!"

అత్తగారు తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకుంది. చెప్పాల్సిన క్షణం అదే. దాన్ని దాటేసింది.

"తిప్పింది నేనేగా, మరి ఎందుకు జరగలేదు?" కోడలు కూతురి వైపు తిరిగింది. "ఏమే, స్కూల్లో తీసి బ్యాగులో దాచేస్తున్నావా?"

పిల్ల నానమ్మ వైపు ఒక్కసారి చూసింది. తర్వాత నేల చూపులు చూస్తూ, "అవునమ్మా. నేనే తీసేస్తున్నా," అంది.

చెంప చెళ్ళుమంది.

"దాన్ని కొట్టకు!" పెద్దావిడ లేచి నిలబడింది. "నేనే తిప్పా. నువ్వు ముందుకి తిప్పితే నేను వెనక్కి తిప్పా. ఏడుస్తుంటే చూడలేక..."

కోడలు అత్తగారి వైపు తిరిగింది. ఆ తర్వాత వచ్చిన గొంతులో అరుపు లేదు. అరిచినా బాగుండేది.

"చూడలేకపోతే నాతో అనాల్సింది. నేను రాక్షసిని, మీరు దేవత. అదేగా మీకు కావాల్సింది?"

కాదనడానికి పెద్దావిడ నోరు తెరిచింది. జాలి ఒక్కటే అయితే ఎప్పుడో చెప్పి ఉండేది. తల్లి ఏడిపిస్తే పిల్ల తన మెడకు చుట్టుకుంటుందని ఆదివారం కోసం ఎదురుచూసిన మాట నిజం. తన కోసం అబద్ధమాడి దెబ్బ తిన్నది ఎనిమిదేళ్ళది. అరవై దాటిన తాను గుడ్లప్పగించి చూసింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"అవునమ్మా. అదే కావాల్సి వచ్చింది," అంది.

కోడలు కూతురి చెంప నిమిరి, తీగ తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. "ఇకనుంచి మీరే తిప్పండి. బాణం వైపు."

ఆ ఆదివారం పిల్ల నవ్వుతూ ప్లేటు అందించింది. నానమ్మ కదా, వదులే చేస్తుందనుకుంది. పెద్దావిడ బాణం వైపు తిప్పి ఇచ్చింది. పెట్టుకోగానే పిల్ల ముఖం మాడిపోయింది.

"నానమ్మా, తప్పు వైపు తిప్పావు!"

"కాదు తల్లీ. ఇన్నాళ్ళూ తిప్పిందే తప్పు."

"నువ్వు కూడా చెడ్డదానివే," అని ఏడుస్తూ గదిలోకి పోయి తలుపేసుకుంది.

పెద్దావిడ ఆ తలుపు వైపు రెండడుగులు వేసింది. కోడలు ఆవిడ చేయి పట్టుకుని ఆపింది.

"ఇప్పుడు వెళ్ళకండి అత్తయ్యా. రెండ్రోజులు మీ ముఖం చూడదు. నాతో ప్రతివారం ఇంతే."

ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. ఉన్న సంగతి చెప్పిందంతే. పెద్దావిడ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, బల్ల దగ్గర కూలబడి ఏడ్చింది. కోడలు డ్యూటీకి ఆలస్యమవుతున్నా పక్కనే కూర్చుంది.