రెండుసార్లు అడిగిన నంబరు

"సాయంత్రం ఐదింటికి సేఠ్ మా ఆయనను పోలీసులకు అప్పజెప్తడట సారూ," అంది స్వరూప. ఉప్పుగూడ నుంచి ఆటోలో వచ్చిన ఆమె కుర్చీలో కూర్చోనే లేదు.

ప్రైవేట్ డిటెక్టివ్ ప్రకాశం గడియారం చూశాడు. రెండు దాటింది. సహాయకురాలు స్రవ్య అప్పటికే నోటుబుక్కు తెరిచింది.

స్వరూప భర్త డానియేలు బేగంబజార్‌లో ప్రహ్లాద్ సేఠ్ ఇత్తడి సామాన్ల దుకాణంలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాడు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లతో ఫోన్లో మాట్లాడేది అతనే. నెల రోజులుగా, ఆ దుకాణం వెబ్‌సైట్‌లో కొన్నవారి కార్డులను ఎవరో వేరేచోట్ల వాడేస్తున్నారు. డానియేలే ఫోన్లో నంబర్లు అడిగి రాసుకున్నాడని సేఠ్ నిశ్చయించి, ఫిర్యాదు చేసిన ప్రతివారికీ అతని పేరే చెప్పాడు.

"ఆయన ఎవలనూ కార్డు నంబరు అడగలే సారూ. ఇంటి అడ్రస్ అడుగుతడు, గంతే. ఇప్పుడు చర్చిల గూడ మమ్ముల వేరేగ చూస్తున్నరు."

ప్రకాశం మోసపోయినవారిలో నలుగురికి ఫోన్ చేశాడు. డానియేలు కార్డు ఊసే ఎత్తలేదని నలుగురూ అన్నారు. ఇంకో మాట కూడా నలుగురూ చెప్పారు. మొదటిసారి పేమెంటు కాలేదట, నంబరు మళ్లీ కొట్టమని వచ్చిందట.

స్రవ్య ఆ సైటు తెరిచి ఒక హారతి పళ్లెం ఎంచుకుంది. "పైన తాళం గుర్తు ఉంది సార్. భద్రమే కదా?"

"నంబరు వెళ్లే దారి భద్రమని చెబుతుందమ్మా. దారి చివర ఉన్నది ఎవరో చెప్పదు."

కార్డు నంబరు కొట్టే గడులు నిజంగానే రెండుసార్లు వచ్చాయి. రెండోసారి వచ్చినవి పేమెంటు కంపెనీవి. దుకాణం పేజీలోనే కనిపించినా, వాటిలో ఏం కొట్టారో దుకాణం వాళ్లకు కూడా తెలియదు. మొదటి గడులు మాత్రం దుకాణం సొంత పేజీలోవి. స్రవ్య వాటి వెనక ఉన్న కోడ్ తెరిచింది. అంతా ఇంగ్లీషే. మొట్టమొదటి వరుసలో మాత్రం, ఏ పనికీ అక్కరలేని ఒక తెలుగు అక్షరం ఉంది. శ్రీ.

నాలుగింటికి దుకాణం చేరారు. సైటు పాస్‌వర్డు తెలిసినవారు ఇద్దరే. ఒకరు సేఠ్ తమ్ముడి కొడుకు అభిషేక్, రెండోవాడు కంప్యూటర్లు బాగుచేసే ప్రేమ్‌రాజ్. తెల్లకాగితం మీద ఫోన్ నంబర్లు రాసివ్వమని ప్రకాశం ఇద్దరినీ అడిగాడు.

"ఈ సేఠ్ చాయ్ తాగనీకె ఎన్నడు పిలువడు, కేసులకైతే పిలుస్తడు," అని గొణుగుతూ ప్రేమ్‌రాజ్ గబగబా అంకెలు రాశాడు. అభిషేక్ కాగితం నడుమ శ్రీ అని రాసి, దాని కింద నంబరు వేశాడు.

"మా ఇంట్ల గట్లనే," అన్నాడు ప్రహ్లాద్ గర్వంగా. "శ్రీ లేకుంట ఏ రాతా మొదలువెట్టం."

ఐదు కావస్తోంది. ప్రకాశం డానియేలు దంపతులతో సహా అందరినీ సేఠ్ కూర్చునే గద్దె చుట్టూ కూర్చోబెట్టి, ఫోన్లన్నీ మధ్యలో పెట్టమన్నాడు. స్రవ్య మొదటి గడుల్లో ఒక చెల్లని నంబరు కొట్టి బటన్ నొక్కింది.

అభిషేక్ ఫోన్ వెలిగింది. స్రవ్య కొట్టిన పదహారు అంకెలే దాని మీద ఉన్నాయి.

అసలు గడుల ముందు దొంగ గడులు పెట్టారని, అందులో పడిన నంబరు అభిషేక్‌కు చేరాక పేమెంటు కాలేదని చెప్పి అసలు చోటికి పంపుతారని ప్రకాశం వివరించాడు. "సామాను ఇంటికి చేరుతుంది కాబట్టి కొన్నవారికి అనుమానం రాలేదు. ఆ కోడ్ మీద కూడా శ్రీ రాశావు బాబూ. ఆ అక్షరం రాసిన చేయి, మోసం రాసే కింది వరుస దగ్గర ఆగలేదెందుకు?"

అభిషేక్ తల దించుకున్నాడు. "నంబర్లిస్తె పైసలిస్తనన్నడు ఒకడు, పెద్దనాయినా. నన్ను గిట్ల ఇరికిస్తడనుకోలే."

"ఇరికింది నువ్వా, ఈ డానియేలా?" అన్నాడు ప్రహ్లాద్.

దొంగ గడులు తీసేయాలనీ, కొన్నవారందరికీ కార్డులు ఆపించుకోమని వెంటనే చెప్పాలనీ ప్రకాశం అన్నాడు. ప్రహ్లాద్ అలవాటుగా పేర్ల జాబితాను డానియేలు వైపు జరిపాడు.

డానియేలు దాన్ని ముట్టుకోలేదు. "మీరే చెప్పుండ్రి సేఠ్. నా పేరు మీరే చెప్పిండ్రు గద."

ప్రహ్లాద్ మొదటి నంబరు కొట్టాడు. అవతల ఎవరో హలో అన్నారు. "అమ్మా, ఆ డానియేలు..." అని ఆగాడు. స్వరూప భర్త చేయి పట్టుకుంది.

"డానియేలు కాదమ్మా," అన్నాడు ప్రహ్లాద్. "మా ఇంటి పిలగాడు."