పోస్టు డబ్బా మీది పేరు

"వాడి పేరు ఇంకా ఈ ఇంట్లోనే ఉందా?" అన్నాడు భర్త, చేతిలోని కాగితం మీంచి తల ఎత్తకుండా.

ఆమె పొయ్యి మంట తగ్గించింది. మూడేళ్ళుగా ఏ ప్రశ్న కోసం భయపడుతోందో ఆ ప్రశ్న ఒక మామూలు మంగళవారం సాయంత్రం, కూర అడుగంటుతుండగా వచ్చింది.

"ఉంది" అంది.

"ఎవరుంచారు?"

"నేనే."

ఆ కాగితం విదేశీయుల నమోదు కార్యాలయం నుంచి వచ్చింది. 'ఈ చిరునామాలో నలుగురు ఉంటున్నట్టు మా దగ్గర నమోదై ఉంది. వారిలో ఒకరికి పంపిన, స్వయంగా సంతకం చేసి తీసుకోవలసిన ఉత్తరం రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఆ వ్యక్తి ఇక్కడ ఉంటున్నదీ లేనిదీ పది రోజుల్లోగా కుటుంబ యజమాని తెలియజేయాలి.' జవాబు రాకపోతే పేరు తీసేస్తారు. పేరు పోతే కార్డు చెల్లదు. కార్డు చెల్లనివాడు ఈ దేశంలో ఉండటానికి లేదు.

ఆ ఒకరు ఆమె మరిది. ఇంట్లో అందరూ చిన్నోడు అనేవాళ్ళు.

"లేడని రాసిచ్చెయ్. సంతకం నేను పెడతా" అన్నాడు భర్త.

"లేడని రాస్తే వాడి కార్డు పోతుందండీ."

"ఉన్నాడని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ ఆఫీసువాళ్ళతో అబద్ధాలు నావల్ల కాదు."

బల్ల దగ్గర రంగులు వేసుకుంటున్న ఏడేళ్ళ కూతురు తల ఎత్తింది. "బాబాయి ఉన్నాడుగా నాన్నా. డబ్బాలో ఉంటాడు."

"ఏ డబ్బాలో?"

"కింద. పోస్టు డబ్బాలో. బాబాయి పేరుందిగా దాని మీద. మా టీచరుకి కూడా అదే చెప్పాను."

భర్త కాగితం బల్ల మీద పెట్టి, స్నానానికి వెళ్ళిపోయాడు. ఆమె కూర దించి, ఆ కాగితాన్ని తడి తగలకుండా ఎత్తి పెట్టింది. ఆఫీసు కాగితాలన్నీ ఆ ఇంట్లో ఆమే చూసుకునేది. ఎవరి కార్డు గడువు ఎప్పుడు, ఏ ఫారానికి ఎన్ని ఫోటోలు... అన్నీ ఆమెకి కంఠతా వచ్చు.

పన్నెండేళ్ళ కిందట ముగ్గురూ ఈ ఊళ్ళో దిగినప్పుడు ఆమెకి పెళ్ళయి రెండు నెలలు. చిన్నోడికి పద్దెనిమిది నిండలేదు. బట్టలుతికే షాపు మీద ఒక్కటే గది. కింద యంత్రాలు తిరుగుతుంటే నేల ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేది. మెట్ల నిండా సబ్బు వాసన. ఆ గదిలో ఓ మూల తెర కట్టుకుని కొత్త దంపతులు, ఇటువైపు కిటికీ కింద చిన్నోడు! వచ్చిన పద్నాలుగు రోజుల్లోగా చిరునామా నమోదు చేయించుకోవాలంటే పన్నెండో రోజున ముగ్గురూ ఉన్న బట్టల్లో మంచివి వేసుకుని వెళ్ళారు. కళ్ళజోడుకి గొలుసు కట్టి మెడలో వేసుకున్న కౌంటరావిడ ముగ్గురికీ కార్డులిచ్చి, ఇది ఎప్పుడూ దగ్గర ఉండాలి, దారిలో ఎవరైనా ఆపి అడిగితే చూపించాలి, చిరునామా నోటితో చెప్పగలగాలి అంది.

ఆ చిరునామా చూస్తే చేంతాడంత ఉంది. పేట, పేటలో భాగం, వీధి అంకె, భవనం అంకె, అంతస్తు, తలుపు అంకె. చిన్నోడి నాలుక తిరిగేది కాదు. దాంతో ఆమే వాడికి పంతులమ్మ అయింది. రోజూ సాయంత్రం వెల్లుల్లి ముందేసుకుని కూర్చోబెట్టి, పన్నెండో ఎక్కం బాణీలో పెట్టి అడ్రసు ఒప్పజెప్పించుకునేది. ఒక తప్పుకి ఒక పాయ ఒలవాలి. నెల తిరిగేసరికి సీసా నిండా ఒలిచిన వెల్లుల్లి. "వీడికి అడ్రసు వచ్చిందో లేదో గానీ వెల్లుల్లి ఒలవడం మాత్రం బాగా వచ్చిందే" అని తెర వెనక నుంచి భర్త నవ్వేవాడు. అప్పుడతను అంత నవ్వేవాడా అని ఇప్పుడు ఆమెకే అనుమానం.

ఆ అలవాటే ఆమె నోట స్థిరపడిపోయింది. పొద్దున్నే పనికి వెళ్ళేవాళ్ళని తిన్నావా అని అడగదు. "కార్డు పెట్టుకున్నావా?" అంటుంది. చిన్నోడు చొక్కా జేబు తట్టి చూపించి మెట్లు దిగేవాడు.

తర్వాత ఈ రెండు గదుల ఇంటికి మారారు. ఈ అడ్రసూ ఆమె వాడికి అదే బాణీలో నేర్పింది. కార్డుల వెనక కొత్త చిరునామా రాసి, పాతదాని మీద గీత కొట్టి ముద్ర వేశారు. పోస్టు డబ్బా మీద పేరు లేకపోతే ఉత్తరాలు వేయరని తెలిసి, చిన్నోడు తెల్ల కాగితాన్ని చీటీలుగా కత్తిరించి, ఒక్కొక్కరి పేరు లావుపాటి పెన్నుతో గుండ్రంగా రాసి అంటించాడు. పాప పుట్టినప్పుడు ఆమె ఆసుపత్రి నుంచి వచ్చేసరికే నాలుగో చీటీ ఉంది. పేరింకా పెట్టలేదు కాబట్టి 'పాప' అని రాసి ఉంది. ఇప్పటికీ అదే.

నాలుగేళ్ళ కిందట భర్త తను పనిచేసే లిఫ్టుల కంపెనీలోనే తమ్ముణ్ణి పెట్టించాడు. తన మాట మీద తీసుకున్నారు. పదకొండు నెలలకి చిన్నోడు ఇంటికొచ్చి, రేపట్నుంచి పనికి వెళ్ళనన్నాడు. ఎందుకంటే ఇష్టం లేదన్నాడు. ఎంత గుచ్చి అడిగినా ఆ ఒక్క మాటే.

"రేపు మేనేజరుకి నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావురా? నా పని ఇష్టం లేనివాడివి నా ఇంట్లో ఎందుకు? పో."

చిన్నోడు పోయాడు. ఒక సంచి, ఒక దుప్పటి. తలుపు దగ్గర ఆమెకి చెప్పాల్సినవి కొండంత ఉన్నాయి. నోటికి వచ్చింది ఒక్కటే... "కార్డు పెట్టుకున్నావా?"

చిన్నోడు జేబు తట్టి చూపించాడు.

ఆ వారంలోనే డబ్బా మీది మూడో చీటీ, చిన్నోడిది, పీకేసి ఉంది. అది చెత్తబుట్టలో దొరికితే ఆమె తుడిచి, పాప జిగురుతో మళ్ళీ అంటించింది. ఆ తర్వాత భర్త దాన్ని ముట్టుకోలేదు, దాని ఊసూ ఎత్తలేదు. రెండో ఏడాది వానలకి చీటీ ఊడి వేలాడింది. రేపు అంటిద్దామనుకుంటే మర్నాటికి ఎవరో నల్లటి టేపుతో గట్టిగా అతికించేశారు. చిన్నోడే వచ్చుంటాడనుకుంది. కిందదాకా వచ్చి పైకి రాలేదని ఆ రోజంతా బాధపడింది.

చిన్నోడు ఊరికి అటు చివర ఓ రొట్టెల బట్టీలో పనిచేస్తూ, బట్టీ పైగదిలోనే ఉంటున్నాడు. వాడి పేర వచ్చే ఉత్తరాలు నెలకోసారి ఆమె తీసుకెళ్ళి ఇచ్చేది. అక్కడి అడ్రసు నమోదు చేయించుకోరా అని మొదట్లో నాలుగైదుసార్లు చెప్పింది. ఈ వారం వెళ్తా వదినా అనేవాడు. ఆ తర్వాత ఆమె గట్టిగా అడగలేదు. అడగకపోవడానికి కారణం ఆమెకి తెలుసు. కొత్తది రాస్తే ఈ ఇంటి మీద గీత పడుతుంది. ఏడాదికోసారి ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పమని వచ్చే పట్టీలో నలుగురికీ టిక్కు పెట్టి పంపేసేది. చెయ్యి దానంతటదే నాలుగు టిక్కులు పెట్టేది.

మర్నాడు పాపని బడికి పంపి బట్టీకి వెళ్ళింది. చిన్నోడు మోచేతులదాకా పిండితో బయటికొచ్చాడు. కాగితం చదివి, జేబులోంచి కార్డు తీసి తిప్పి చూపించాడు.

"దీని కింద ఇంకో లైను రాస్తే మనిల్లు పాతదైపోతుంది వదినా. రెండుసార్లు ఆ ఆఫీసు గుమ్మందాకా వెళ్ళి వచ్చేశాను."

"నేను మాత్రం ఏం చేశాను? నిన్ను తిట్టి పంపాల్సింది పోయి టిక్కులు పెట్టుకుంటూ కూర్చున్నాను." ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "రేపు పదింటికి ఆఫీసుకి రా. లేడని నేనిస్తాను, ఇక్కడున్నానని నువ్వు రాయించుకో. నువ్వు ఈ దేశంలో ఉంటే ఎక్కడున్నా నాకు చాలు."

"అన్నయ్య సంతకం పెట్టాడా?"

"పెడతాడు."

చిన్నోడు లోపలికి వెళ్ళి, పాపకని ఒక చిన్న రొట్టె కాగితంలో చుట్టి తెచ్చాడు. దానికి కళ్ళూ ముక్కూ ఉన్నాయి. "డబ్బాలో బాబాయి పంపాడని చెప్పు" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

సాయంత్రం భర్త సంతకం పెట్టాడు. పెట్టి, పెన్ను మూత పెట్టకుండా కూర్చున్నాడు.

"ఒక మాట ఎవరికీ చెప్పనని బట్టీ దగ్గర వాడికి ఒట్టేశాను" అంది ఆమె. "వాడి పేరే పోతున్నప్పుడు ఇంకా దాచడమెందుకు. ఏడో అంతస్తులో మీ నడుం బెల్టు కొక్కెం జారింది, గుర్తుందా?"

"అదా? రెండో తాడుంది. ఏం కాలేదు."

"మీకేం కాలేదు. కింద టార్చి పట్టుకుని నిలబడింది వాడు. మీరు గాల్లో వేలాడుతూ వాడితో జోకులేశారట. ఆనాటి నుంచీ తల పైకెత్తి మిమ్మల్ని చూడాలంటే వాడికి కాళ్ళు వణికేవి. అందుకు మానేశాడు."

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా."

"చెప్తే ఏం చేసేవారు? లిఫ్టు మెకానిక్కుకి లిఫ్టంటే భయమా అని కంపెనీ అంతా చెప్పి నవ్వించేవారు."

అతను పెన్నుకి మూత పెట్టి, లేచి, పాప తినకుండా దాచుకున్న రొట్టె మొహం వైపు చాలాసేపు చూశాడు. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆఫీసులో అవే ప్లాస్టిక్ కుర్చీలు, అదే నంబరు పిలిచే గంట. కౌంటరులో కళ్ళజోడు గొలుసావిడే. జుట్టు మాత్రం పూర్తిగా నెరిసింది. ఆవిడ ఫారం చూసి, లోపల్నుంచి మూడేళ్ళ పట్టీలు తెచ్చి బల్ల మీద పరిచింది.

"ఈయన ఉన్నారని టిక్కు పెట్టిందెవరు?"

"నేనేనండి."

"లేని మనిషిని ఉన్నారని రాయడం తప్పు. మరోసారి జరిగితే మీ కార్డుకే ముప్పు. తెలుసా?"

"తెలుసండి" అంది ఆమె తల వంచుకుని.

కౌంటరావిడ, పక్కనే నిలబడ్డ చిన్నోడి ముందుకి ఇంకో ఫారం తోసింది. "మూడేళ్ళు ఆలస్యం. కారణం ఈ గడిలో రాయాలి. సరైన కారణమైతేనే కార్డు నిలుస్తుంది."

చిన్నోడు పెన్ను పట్టుకుని ఆలోచించి, 'బద్ధకం' అని రాశాడు.

"ఇది కారణం కాదు" అని ఆవిడ కొట్టేసి వెనక్కిచ్చింది.

"ఉన్నది రాయరా" అంది ఆమె సన్నగా. "అన్నయ్య పొమ్మన్నాడని రాయి."

"అన్నయ్య మీద రాయను."

"కార్డు పోతుందిరా చిన్నోడా..."

"పోనీ వదినా. ఆఫీసు కాగితం మీద, వీళ్ళందరూ చదివే కాగితం మీద, అన్నయ్య గురించి అట్లా రాయమంటావా?"

ఆమెకి కౌంటరు అంతా అలుక్కుపోయింది. వెల్లుల్లి ముందు కూర్చుని అడ్రసు తప్పు చెప్పి నాలుక కరుచుకున్న ఆ పిల్లాడే కళ్ళముందు కనిపించాడు. వాడికి ఇల్లెక్కడుందో నోటికి నేర్పింది తనే. ఇప్పుడు దాన్ని కొట్టేయించడానికి తీసుకొచ్చిందీ తనే.

"పెన్నిటివ్వు."

వెనక నుంచి ఒక జిడ్డు చెయ్యి ముందుకొచ్చింది. పని బట్టల్లోనే, భుజాన పనిముట్ల సంచితో భర్త! ఎవరి మొహమూ చూడకుండా ఫారం తనవైపు తిప్పుకుని, ఆ దేశపు అక్షరాలు కూడబలుక్కుంటూ రాశాడు. 'కుటుంబ యజమానినైన నేనే ఇతన్ని ఇంట్లోంచి పంపేశాను. ఇతనికి ఉండే చోటు లేకుండా చేసింది నేను. తప్పు నాది.' కింద సంతకం పెట్టాడు.

కౌంటరావిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. "సరిపోతుంది" అంది. "ఇప్పుడు ఈయన ఉండేదెక్కడ?"

చిన్నోడు బట్టీ అడ్రసు చెప్పబోయాడు.

"మా ఇంట్లో" అన్నాడు భర్త.

"ఎప్పట్నుంచి?"

"ఇవాళ్టి నుంచి." అప్పుడు మొదటిసారి తమ్ముడివైపు తిరిగాడు. "నీకు ఇష్టమైతేనే."

చిన్నోడు తల ఊపాడు.

నియమం ప్రకారం మధ్యలో ఉన్న చోటూ రాయాలి. కార్డు వెనక బట్టీ అడ్రసు రాసి, దాని మీదా గీత కొట్టి ముద్ర వేసింది ఆవిడ. తర్వాత పెన్ను ఎత్తి పట్టుకుని, "ఇప్పటి చిరునామా నోటితో చెప్పండి" అంది.

చిన్నోడు కళ్ళు మూసుకున్నాడు. పేట, భాగం, వీధి, భవనం, అంతస్తు, తలుపు... ఇరవై తొమ్మిదేళ్ళవాడు, ఆఫీసునిండా జనం వింటుండగా, పన్నెండో ఎక్కం బాణీలో ఒక్క తప్పు లేకుండా ఒప్పజెప్పాడు. వెనక కుర్చీల్లో ఎవరో నవ్వారు. భర్త కూడా నవ్వాడు. తెర వెనక నుంచి వినిపించిన ఆ నవ్వే అది. ఆమె చేతిరుమాలు వెతుక్కుంది.

"ఇది మీకిక అక్కర్లేదు" అని, లేడని రాసిన ఫారం ఆమెకి తిరిగిచ్చింది కౌంటరావిడ.

బట్టీ నుంచి సంచి, దుప్పటీ తీసుకుని ఇంటికి చేరేసరికి బడి వదిలారు. పాప పరుగెత్తుకొచ్చి, బాబాయిని పైనుంచి కిందిదాకా చూసి, "డబ్బాలోంచి ఎట్లా వచ్చావు?" అంది.

"మీ నాన్న తాళం తీశాడు" అన్నాడు చిన్నోడు, దాన్ని ఎత్తుకుని మెట్లెక్కుతూ.

ఆమె కిందే ఆగింది. పోస్టు డబ్బా మీద మూడో చీటీ అక్షరాలు వెలిసిపోయాయి. ఒక మూల మళ్ళీ లేస్తోంది. భర్త కూడా ఆగాడు. భుజం మీది సంచిలో చెయ్యి పెట్టి వెతికి, వైర్లకి చుట్టే నల్లటి టేపు చుట్ట తీసి, పళ్ళతో ఒక ముక్క తెంపి, పాత టేపు మీదే మూల కలిసేలా అతికించి బొటనవేలితో గట్టిగా నొక్కాడు.

ఆమె ఆ టేపునీ, అతన్నీ మార్చి మార్చి చూసింది.

"చీటీ ఊడిపోతే పోస్టు వాడు తికమక పడతాడు" అన్నాడు అతను, ఎటో చూస్తూ.

"అవునండీ" అంది ఆమె. "పాపం, పోస్టు వాడు."