అల్లుడుగారు వేసిన టైల్స్

ప్రార్థన ముగించి లేచిన రాజారత్నం అరికాలు చూసుకున్నాడు. ముగ్గు తొక్కినట్టు తెల్లగా ఉంది. హాల్లో టైల్స్ వేసి నెల కూడా తిరగలేదు. టైలుకీ టైలుకీ మధ్య సందుల్లో నింపిన గ్రౌట్ అప్పుడే పిండిలా లేచి వస్తోంది. వంగి వేలితో ఒక టైలు మీద కొట్టాడు. ఖాళీ డబ్బాలా మోగింది. పక్కదీ అంతే.

రేపల్లెలో ధాన్యం వ్యాపారం ఆయనది. బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు తీస్తే తేమ ఎంతో, తాలు ఎంతో చెప్పేస్తాడు. బాగాలేని సరుకుని రైతు ముఖం మీదే బాగాలేదంటాడు. ఆ క్షణం నొచ్చుకున్న రైతు కూడా వచ్చే పంటకి మళ్లీ ఆయన దగ్గరికే వస్తాడు. అలాంటి మనిషికి సొంత హాల్లో నోరు పెగలడం లేదు. ఆ టైల్స్ వేసింది అల్లుడు.

"మళ్లీ కొడుతున్నారా? అదేమన్నా కొబ్బరికాయా, రోజూ కొట్టి చూడ్డానికి?" తడిగుడ్డ పిండుతూ అంది భార్య దేవకుమారి.

"నీ చేతిలో గుడ్డ చూడు. సున్నం నీళ్లు కారుతున్నాయి."

"చూస్తూనే ఉన్నా. ఎవరికన్నా చెప్పానా? అల్లుడి పనికి వంక పెడితే అమ్మాయి మనసు ఏమవుతుంది?"

అంతలో ఫోన్ మోగింది. తెనాలి నుంచి బియ్యం వ్యాపారి పాండురంగారావు. రాజారత్నం చూసి పంపిన ధాన్యాన్ని మళ్లీ విప్పి చూసే అలవాటు ఆయనకి లేదు.

"రత్నంగారూ, మా కొత్తిల్లు గోడలు లేచాయండి. కిందా పైనా టైల్స్ పని మొత్తం మీ అల్లుడికే ఇద్దామని. మీరు ఊ అనండి, చాలు. నేను చూడక్కర్లేదు."

రాజారత్నం కాలి కింది టైలు వైపు చూశాడు. "రేపు చెబుతానండి" అని పెట్టేశాడు.

అల్లుడు శాలేమురాజు చాలాకాలం ఒక మేస్త్రీ దగ్గర పనిచేసి, ఈ ఏడే సొంతంగా పనులు పట్టడం మొదలుపెట్టాడు. తెనాలి ఇల్లు చేతికొస్తే నిలదొక్కుకుంటాడు. రాకపోతే మళ్లీ ఎవరి కిందో చేరాలి.

"ఊ అనేస్తే పోయేది కదండీ!" అంది దేవకుమారి.

"ఊ అంటే అక్కడ కూడా ఇలాగే లేచొస్తే? ఊహూ అంటే పిల్లాడి నోటి దగ్గరి కూడు నేనే లాగేసినట్టు. ఎటు తూచినా నష్టమే కనిపిస్తోంది."

అసలు తూకం ఎక్కడ తప్పిందో తెలియాలనుకున్నాడు. టిఫిన్ కూడా తినకుండా బాపట్ల బస్సెక్కాడు.

కూతురు జ్యోత్స్న ఇంటికి వెళ్లే ముందు, అదే వీధిలో ఉండే దానమ్మ టీచరుగారింటికి వెళ్లాడు. ఆమె వరండాకీ వంటింటికీ టైల్స్ వేసింది శాలేమురాజే. పలకరింపులవగానే రాజారత్నం వంగి కొట్టి చూశాడు. రాతి మీద కొట్టినట్టుంది. గోటితో గీకాడు. గ్రౌట్ రవ్వంత కూడా రాలలేదు.

"ఏమన్నా పడేసుకున్నారా అండీ?" అడిగింది దానమ్మ.

"లేదండి. పని చూస్తున్నా."

"పనికి వంక లేదు కానీ, మీ అల్లుడికి కాస్త పొగరండి. ఎండలో చేస్తున్నాడు కదాని మజ్జిగ తెస్తే తలెత్తి చూడలేదు. వరస పూర్తయ్యాకే తాగుతానన్నాడు."

బయటికొచ్చిన రాజారత్నానికి వచ్చినప్పటికంటే అయోమయంగా ఉంది. పని రాదనుకుందామంటే ఇక్కడ ఇంత బాగా చేశాడు. సరుకు మంచిది కాదనుకుందామంటే తన హాలుకి సిమెంటూ టైల్సూ తానే దగ్గరుండి కొన్నాడు. రెండూ కొట్టేస్తే ఇక మిగిలింది ఒక్కటే. పరాయివాళ్లింట్లో మనసు పెట్టాడు, మామగారింట్లో పెట్టలేదు. ఆ లెక్కతోనే కూతురింటి వైపు నడిచాడు.

ఇంట్లో శాలేమురాజు పనికి బయల్దేరబోతున్నాడు. మామగారిని చూసి గబగబా కుర్చీ వేశాడు. రాజారత్నం కూర్చోలేదు.

"దానమ్మగారిల్లు చూసొచ్చాను బాబూ. అద్దంలా ఉంది. మా హాల్లో మాత్రం టైలు మోగుతోంది, గ్రౌట్ కాళ్లకంటుతోంది. మీరు మా అల్లుడు, అడక్కూడదు. కానీ మా వల్ల ఏం తప్పు జరిగిందో తెలియక అడుగుతున్నా. మా మీద ఏదన్నా మనసులో ఉందా?"

శాలేమురాజు ముఖం పాలిపోయింది. "అయ్యో, అలాంటిదేం లేదు మామయ్యగారూ. తప్పు నాదేనండి. మొత్తం తీసేసి మళ్లీ వేస్తాను."

"మళ్లీ వెయ్యమని రాలేదు. ఎందుకిలా అయిందో చెప్పండి."

"తప్పు నాదేనండి" అన్నాడు మళ్లీ తల దించుకుని.

"పాండురంగారావు తెనాలి ఇల్లు మీకిస్తానంటున్నాడు. నా మాట కోసం ఆగాడు. నేనేం చెప్పను? అడిగినదానికి జవాబు చెప్పని మనిషికి నేనెలా పూచీ పడను?"

"చెప్పరు నాన్నా, ఆయన చచ్చినా చెప్పరు!" వంటింట్లోంచి దూసుకొచ్చింది జ్యోత్స్న. "నేను చెబుతా."

"జ్యోత్స్నా, నువ్వు ఊరుకో" అన్నాడు శాలేమురాజు.

"ఎందుకూరుకోవాలి? నాన్నా, అక్కడ ఈయన్ని పని చెయ్యనిచ్చారా మీరు? టైలు పట్టుకోడానికి కింద పల్చగా కలిపిన సిమెంటు పాలు పోసి పరవబోతుంటే అమ్మ గారెలు వేడిగా ఉన్నాయని పిలిచింది. తినొచ్చేసరికి పాలు ఆరిపోయాయి. దాని మీదే పరిస్తే లోపల పట్టుకుంటుందా? గ్రౌట్ కలపగానే టీ. తాగొచ్చేసరికి అది గడ్డకట్టింది. అమ్మ ఎదురుగా పారబోస్తే బాధపడుతుందని మళ్లీ నీళ్లు పోసి కలిపారట. అదెలా నిలుస్తుంది?"

"వద్దంటే సరిపోయేది కదమ్మా!"

"అన్నారు! అంటే మీరేం చేశారు? 'సిమెంటు ఎక్కడికీ పోదు బాబూ, రొయ్యలు చల్లారిపోతాయి' అని చెయ్యి పట్టుకుని లేపలేదూ? మామగారు చెయ్యి పట్టుకుంటే విదిలించుకోవాలా?"

రాజారత్నం కుర్చీలో కూలబడ్డాడు. ఆ మాట తనదే. అన్నప్పుడు ఎంత పొంగిపోయాడో కూడా గుర్తొచ్చింది. ఆరబోసిన ధాన్యం మీద వాన పడుతుంటే ఎవడైనా తనని భోజనానికి పిలిస్తే ఊరుకుంటాడా? ఈ పిల్లాడి కళ్లముందే పని పాడవుతుంటే తాము పళ్లెం నిండా రొయ్యలు వడ్డించారు. మర్యాద అనుకున్నారు.

"ఇన్నాళ్లూ ఇదంతా లోపలే దాచుకున్నారా బాబూ?"

"అత్తయ్యగారు అంత ప్రేమగా పెట్టారండి. అది తప్పని ఎలా చెప్పను?" అన్నాడు శాలేమురాజు.

రాజారత్నం అక్కడే ఫోన్ తీశాడు. "పాండురంగారావుగారూ, మా ఇంట్లో పని బాగాలేదండి."

శాలేమురాజు కళ్లు మూసుకున్నాడు.

"బాపట్లలో చాలా బాగుందండి. సరుకు మంచిదే, మా గోదాములోనే తడిసింది. తప్పు మాది."

"అదేంటండీ, బాగున్నట్టా, బాగాలేనట్టా? నాకేం అర్థం కాలేదు!"

"నాకూ ఇప్పుడే అర్థమైందండి. నా ఊ మీద ఇవ్వకండి. బాపట్ల వచ్చి మీ చేత్తో కొట్టి చూసుకోండి. నచ్చితేనే ఇవ్వండి. కాకపోతే ఒక షరతు. పని జరుగుతున్నంతసేపూ అన్నానికి పిలవకూడదు."

అవతల పాండురంగారావు పకపకా నవ్వాడు. "షరతులు కూడానా! సరే, ఈ వారమే వస్తా."

వారం చివర్లో వచ్చాడు. దానమ్మగారిల్లంతా తిరిగి చూసి తెనాలి పని అప్పగించి వెళ్లాడు. ఆ పని మొదలయ్యేలోగా శాలేమురాజు, వద్దంటున్నా వినకుండా, రేపల్లె వచ్చి హాల్లో టైల్స్ తీయడం మొదలుపెట్టాడు.

సంగతి తెలిసిన దగ్గర్నుంచీ దేవకుమారి ఒకటే ఏడుపు. "నా చేత్తో నేనే చెడగొట్టానా? మరి అల్లుడొస్తే ఏం చెయ్యాలి? అన్నం పెట్టకపోతే ప్రేమ ఉందని ఎలా తెలుస్తుంది?" అని మొగుణ్ణి అడిగింది.

మళ్లీ పరుస్తున్న రోజు ఆమె వంటింటి గుమ్మంలోనే నిలబడింది. నోటిదాకా వచ్చిన పిలుపుని రెండుసార్లు మింగింది. హాల్లో తాపీ చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. మధ్యాహ్నం దాటింది. చప్పుడు ఆగింది. శాలేమురాజు చేతులు కడుక్కుని, తడి చేతులతోనే గుమ్మం దగ్గరికొచ్చాడు.

"అత్తయ్యగారూ, బాగా ఆకలేస్తోంది. అన్నం పెడతారా?"

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ పిల్లాడు ఈ ఇంట్లో నోరు తెరిచి ఏదీ అడగలేదు. అడిగేదాకా వీళ్లెప్పుడూ ఆగలేదు.

దేవకుమారి కంగారుగా గిన్నెల మూతలు తీసింది. "వండితే పిలవకుండా ఉండలేనని ఏమీ చెయ్యలేదు బాబూ. పప్పూ మజ్జిగే ఉన్నాయి."

"చాలండి" అంటూ అతను అక్కడే వంటింటి గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, పళ్లెం కడగడానికి వెళ్లింది.