పదమూడో జత

క్రీస్తు శకం 2096. బొమ్మనహాళ్ ఇసుక మేటల మీద పొద్దున ఎనిమిది దాటితే నీడ కోసం మనుషులు ఒంటెల పక్కన చేరతారు. ముత్తాతల కాలంలో ఇక్కడ గొర్రెలు మేసేవట. ఇసుక పొలాల మీదికి వచ్చేసరికి గొర్రెలు పోయి ఒంటెలు వచ్చాయి. కురుబలు మాత్రం మేపడం మానలేదు. నీళ్లెక్కడుంటే అక్కడ డేరా వేస్తారు, అయిపోగానే పీకేస్తారు.

హొన్నూరమ్మకు డెబ్బై రెండేళ్లు. నూట నలభై ఒంటెల మంద ఆమె చేతి కింద ఉంది. ఆ మంద రెండుగా చీలకూడదని కొడుకు కూతురు సుంకమ్మను, కూతురి కొడుకు బీరప్పకు ముడిపెట్టింది. వచ్చే గురువారమే పెళ్లి. సుంకమ్మ వద్దంది, ఏడ్చింది, రెండు రోజులు అన్నం ముట్టలేదు. ముసలమ్మ దగ్గర ఆ పప్పులు ఉడకలేదు.

"మీ అమ్మానాయనా మేనరికమే, నేనూ మేనరికమే. ఏమైపోతిమే?" అంది.

ఏమైపోయారో సుంకమ్మకు తెలుసు. ఆమెకు ముందు పుట్టిన ఇద్దరు అన్నలూ ఏడాది నిండకుండానే కన్నుమూశారు. డేరాలో ఆ మాట ఎవరూ ఎత్తరు.

సరిగ్గా ఆ వారంలోనే ఎడారి పశు పరిశోధన కేంద్రం నుంచి డాక్టర్ సుచరిత వచ్చింది. ఆమె చేతిలో కొబ్బరికాయంత యంత్రం ఉంది. పేరు జన్యుఘ్రాణి. పేరు తనే పెట్టింది, యంత్రమూ తనే చేసింది, రెంటి గురించీ ఆమెకు కొంచెం గర్వమే. ఏ ప్రాణి ఊపిరిలోనైనా కంటికి కనిపించని డి.ఎన్.ఏ. తునకలు ఉంటాయి. జన్యుఘ్రాణి వాటిని పట్టి చదువుతుంది. రెండు ఊపిర్లు చూపిస్తే, ఆ జతకు పుట్టే పిల్లలో ఎంత వైవిధ్యం ఉంటుందో వందకు ఇంత అని చెబుతుంది. దానికి ఆమె పెట్టిన పేరు వైవిధ్యాంకం.

అవసరం లేక చేసిన యంత్రం కాదది. ఉత్తరాది ఫారాల్లో ఇసుక జ్వరం వచ్చి ఒక్క నెలలో వేల ఒంటెలు చచ్చాయి. అవన్నీ ఎక్కువ పాలిచ్చే వంశమని ఒకే మగ ఒంటె సంతానంతో నింపిన ఫారాలు. అన్ని తలుపులకూ ఒకే తాళం వేసినట్టయింది. జ్వరానికి ఒక్క తాళంచెవి దొరికితే సరిపోయింది.

"మీ మందనూ చూడాలమ్మా. ఏ ఆడ ఒంటెకు ఏ మగ పోతును కట్టాలో ఇది చెబుతుంది" అంది సుచరిత.

హొన్నూరమ్మ పకపకా నవ్వింది. "నాకు చెప్పేదానికొచ్చిందా ఇది? సరే, సూద్దాం పట్టు. ఎదకొచ్చినవి పన్నెండుండాయి. ముందు నేను కడతా. తర్వాత నీ యంత్రాన్ని అడుగు."

మందలో నాలుగు మగ ఒంటెలు: కర్రోడు, మచ్చోడు, చెవులోడు, బళ్లారోడు. ఒక్కోదానికి ఒక్కో రంగు ఉన్ని దారం. ముసలమ్మ పన్నెండు ఆడ ఒంటెల మెడలకూ దారాలు కట్టుకుంటూ పోయింది. నాలుగు పోతుల ఊపిర్లూ ముందే పట్టి ఉంచిన యంత్రాన్ని ఒక్కో ఒంటె ముక్కు దగ్గర పెడుతూ సుంకమ్మ వెనకాలే నడిచింది.

"ఒకటో ఒంటెకు బళ్లారోడు. వైవిధ్యాంకం తొంభై రెండు" అంది జన్యుఘ్రాణి. మెడలో బళ్లారోడి ఎర్రదారమే ఉంది. రెండోదీ కలిసింది. ఏడో ఒంటె దాకా ఒక్కటీ తప్పలేదు. సుచరిత ఒక్కోదానికీ టిక్కు పెట్టుకుంటూ వచ్చింది.

ఎనిమిదో ఒంటె మెడలో మచ్చోడి దారం చూసి మాత్రం ఆగలేకపోయింది. "అంత ఎత్తు కర్రోణ్ణి వదిలేసి మచ్చోణ్ణి కట్టారేంటమ్మా?"

"దీని అవ్వా, కర్రోని అవ్వా ఒక తల్లి పిల్లలు. ఒకదాన్ని కణేకల్లు జాతరలో ఇచ్చేస్తిమి. ఆ రక్తం మూడు మందలు తిరిగి మళ్లా మా తావికే వచ్చినాది."

యంత్రం గరగరలాడి చెప్పింది. "కర్రోడు వద్దు. ఒకే మంద రక్తం. మచ్చోడు మేలు."

పన్నెండుకు పన్నెండు! సుచరిత ఇసుకలో చతికిలబడి, "ఇదంతా ఎలా తెలుసమ్మా?" అని అడిగింది.

"తెలిసేదేముండాది? మా మందలో పుట్టిన పోతు మా మందలో ఆడదాన్ని దాటకూడదు. బయట్నుంచి తెచ్చిన పోతు కూడా దాని కూతుర్లు ఈడుకొచ్చేలోగా పోవల్ల. జాతరలో ఎదురు దిక్కు నుంచి వచ్చినోళ్లతో మార్చుకుంటాం. అట్ల ఇచ్చేటప్పుడు మంచిదాన్నే ఇయ్యల్ల. సొట్టదాన్ని అంటగడితే మళ్లా ఏ మందా మన ముఖం సూడదు." ముసలమ్మ యంత్రం వీపు తట్టింది. "పరవాలేదే, ఇదీ నా మాదిరే ఉండాది. అబద్ధం సెప్పదు!"

ఆ మాట కోసమే కాచుకున్నట్టు సుంకమ్మ కేక వేసింది. "బీరప్ప బావా, ఇట్ల రా. దీంట్లో ఊదు."

బీరప్ప తమాషా అనుకుని ఊదాడు. సుంకమ్మ కూడా ఊదింది. యంత్రం మీద ఎర్రదీపం వెలిగింది.

"ఈ జత వద్దు. ఒకే మంద రక్తం. వైవిధ్యాంకం చాలా తక్కువ. పిల్లలు నిలవకపోవచ్చు."

డేరాల దగ్గర నవ్వులు ఆగిపోయాయి. హొన్నూరమ్మ మొహం కందగడ్డయింది. "దానికి మనిషేదో ఒంటేదో తెలీదు!"

"తెలియాల్సిన పని లేదమ్మా, లెక్క ఒకటే" అంది సుచరిత, మెల్లగానే అయినా గట్టిగా. "తల్లిదండ్రులదీ మేనరికమైతే ఇంకా ప్రమాదం."

"అవ్వా, పన్నెండు తూర్లు నిజం సెప్పిందంటివి. పదమూడోసారి అబద్ధమెట్ల సెప్తాదే?" అంది సుంకమ్మ. "ఒంటెకైతే ఈ తప్పు సేస్తావా నువ్వు? నా ఇద్దరన్నలూ యాడుండారే?"

ముసలమ్మ సుచరిత వైపు తిరిగింది. "నీకు పెండ్లయిందా తల్లీ?"

"మూడేళ్లయింది."

"ఎవర్ని చేసుకుంటివి?"

సుచరిత ఇసుక వైపు చూస్తూ, "మా మేనమామ కొడుకుని" అంది.

"ఇద్దరూ దీంట్లో ఊదినారా?"

"లేదు."

"యాల?"

"భయమేసి." తన మాట తనకే వింతగా వినిపించింది. "ఇప్పుడు నాకు మూడో నెల."

హొన్నూరమ్మ కొంగుతో కళ్లు వత్తుకుంది. "నాకూ భయమే తల్లీ. మంచి పోతుల్ని కన్నీళ్లు పెట్టకుండా ఇచ్చేసినా. పిల్లను బయటికియ్యల్లంటే, దాంతో మందలో సగం ఇయ్యల్లంటే చెయ్యి రాలే. దానికి ఆచారమని పేరు పెట్టుకుంటి." లేచి డేరాల వైపు అరిచింది. "ఒరేయ్, గురువారం పెండ్లి లేదు! వంటోళ్లను రావద్దనండి!"

బీరప్ప ఊపిరి పీల్చుకుని, "బతికించినావవ్వా" అన్నాడు. సుంకమ్మ అవ్వను వాటేసుకుని ఏడ్చింది.

ముసలమ్మ మనవరాలి చేతిలోని జన్యుఘ్రాణిని తీసుకుని సుచరితకు అందించింది. "నేను విన్నా. ఇంగ నువ్వు విను. నీ మొగుణ్ణి పిలిపించుకో."

సుచరిత దాన్ని రెండు చేతులా అందుకుంది. పెట్టెలో పెట్టి, మూత బిగించి, గొళ్లెం వేసింది. ఆ సాయంత్రం కేంద్రానికి పంపిన నివేదికలో ఇలా రాసింది: "పరీక్షించిన జతలు: పన్నెండు. యంత్రం ఎక్కడా తప్పలేదు."