సంతకం చేయని బొమ్మ

పాలు పొంగి స్టవ్వంతా కారేదాకా ఛాయాదేవి చూసుకోలేదు. హాల్లో గోడకు ఆనించిన పెద్ద బొమ్మ ముందు నిలబడిపోయింది. వాళ్ళమ్మ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న బొమ్మ అది. వెయ్యడానికి రెండేళ్ళు పట్టింది. పదకొండింటికి రాజశ్రీ వచ్చి తీసుకుపోతుంది.

రాజశ్రీ ఒకప్పుడు నాచారం బడిలో ఆమె దగ్గర డ్రాయింగ్ నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు హబ్సిగూడలో పోటీ పరీక్షల పిల్లలు చదువుకునే రీడింగ్ హాల్ నడుపుతోంది. అక్కడ పెట్టడానికి ఆ బొమ్మ అడిగితే ఛాయాదేవి సంతోషంగానే సరేనంది. కానీ నిన్న ఆ పిల్ల ఫోన్ చేసి, బొమ్మ మీద సంతకం లేదు మేడం, వచ్చినప్పుడు నా ముందే పెట్టాలి అన్నప్పటి నుంచి ఆమెకు అన్నం సయించలేదు.

"ఈ బొమ్మ ఇయ్యను. రావద్దని చెప్పండి," అంది భర్తతో.

రైల్వేలో చేసి రిటైరైన పాండురంగం, ఇచ్చిన మాట తప్పితే ఎట్లా అన్నాడు. తల్లి మీద బెంగనుకుని, హబ్సిగూడ ఎంత దూరమని నచ్చజెప్పాడు. ఆమె వినకుండా బొమ్మ మీద దుప్పటి కప్పబోయింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ చెయ్యి వణుకుతోంది. ఎంతసేపు పట్టుకున్నా వణుకు ఆగలేదు.

"ఏందిది ఛాయా? ఎప్పటి సంది?"

ఆమె గోడవారగా కూలబడింది.

"ఉగాది ముందటి సంది. కుంచె పడితే ఇంకా ఎక్కువైతది. ఇదే నా ఆఖరి బొమ్మేమో. ఇది గూడ పోతే నాకేం మిగుల్తది? ఆ పిల్ల ముంగట పేరు రాస్తే గీత వంకర పోతది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే డాక్టర్ దగ్గరికి తీస్కపోతరు. ఆయనేమంటడోనని భయం."

కొన్నాళ్ళుగా ఆమె టీ సగం గ్లాసే ఎందుకు పోయించుకుంటోందో పాండురంగానికి ఇప్పుడు తెలిసింది. పక్కనే ఉండి చూడనందుకు తన మీద తనకే కోపం వచ్చింది. రావద్దని రాజశ్రీకి తనే ఫోన్ చేస్తానని లేచేసరికి ఆ పిల్లే గుమ్మంలో ఉంది.

లోపలికి వస్తూనే రాజశ్రీ బొమ్మ ముందు నేల మీద కూర్చుంది.

"మా నానమ్మ గిట్లనే కూసుంటుండె," అంది. "మా హాల్‌కు ఊర్లకెళ్ళి వచ్చిన పిల్లలే ఎక్కువ మేడం. ఇది జూస్తే వాళ్ళకు జర ధైర్యముంటది."

ఛాయాదేవి లోపలికి వెళ్ళి కుంచె, రంగు తెచ్చుకుంది. మోచెయ్యి పట్టుకోబోయిన భర్తను వద్దని తల ఊపింది. పేరు రాసింది. అక్షరాలు పక్కలకు ఒరిగాయి.

"చెయ్యి వణుకుతున్నదమ్మా," అని తనే చెప్పింది.

రాజశ్రీ ఆ చేతిని కళ్ళకద్దుకుని, రంగు ఆరాక బొమ్మను దుప్పట్లో చుట్టి ఆటో ట్రాలీలో పెట్టించింది.

ట్రాలీ మలుపు తిరిగి కనబడకుండా పోయాక ఛాయాదేవి గేటు పట్టుకుని ఏడ్చింది. పాండురంగం పక్కనే నిలబడ్డాడు. చాలాసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"రేపు దవాఖానాకు పోదాం. డాక్టర్ చెప్పేటప్పుడు మీరు నా పక్కనే కూసోవాలె."