కోత పండుగ క్యాబేజీ

"ఒక్క క్యాబేజీ కోసం మా పెద్దమ్మతో పోటీయేటండీ? గుడంతా నవ్విపోయింది!"

చర్చి గేటు దగ్గర దయాసాగర్‌ని నిలేసింది లీల. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, నర్సీపట్నంలో కోత పండుగ. పెరట్లో పండింది దేవుడికిచ్చి, అక్కడే వేలంపాట పాడతారు. ఆడపిల్ల ఇచ్చినదాన్ని ఇంటివాళ్లే పాడి తెచ్చుకోవడం ఆ చర్చి వాడుక. లీల ఇచ్చిన క్యాబేజీకి, ఆమెని పెంచిన పెద్దమ్మ ఎస్తేరమ్మ పాడుతుంటే, ఈ పరాయి కుర్రాడు పాట పెంచాడు. ఇక జనం ఊరుకుంటారా!

పార్వతీపురం నుంచి ట్రాన్స్‌ఫరై వచ్చినవాడికి ఇదంతా ఏం తెలుసు, పాపం! టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో "నంబర్ ప్లీజ్" అంటూ ఊరందరినీ కలుపుతాడు గానీ అతన్ని పలకరించే నాథుడు లేడు. పాటలో గొంతెత్తగానే అందరూ తిరిగి చూశారు. ఆ చూపులు బాగున్నాయి. అందుకే పెంచుకుంటూ పోయాడు, క్యాబేజీ అతనిదే అయ్యేదాకా.

మర్నాడు సాయంత్రం లీలే అతని అద్దెగది అరుగు దగ్గరికొచ్చింది, మొహం చిన్నబుచ్చుకుని.

"మా మడికి పురుగు పట్టిందండీ. మీ క్యాబేజీలోనూ ఉంటాది. పారేయండి. ఎవరికీ సెప్పకండి, పరువు పోతాది."

దయాసాగర్ హార్లిక్స్ సీసా తెచ్చి చూపించాడు. లోపల ఆకు కొరుకుతూ పచ్చటి పురుగు!

"పెంచుతున్నారేటి!"

"గదిలో ఇంకెవరూ లేరు కదండీ. దీనితోనే నాలుగు మాటలు."

లీల పకపకా నవ్వింది. తలుపులోంచి ఒక్క కంచం, ఒక్క గ్లాసు కనబడి నవ్వు ఆగిపోయింది.

"ఆకులు నేను తెస్తాన్లెండి," అంది.

రోజూ తెచ్చింది. కాసేపు ఏడిపించి వెళ్లేది. ఆ కాసేపటి కోసం అతను పొద్దుట్నుంచీ గడియారం చూసేవాడు.

ఒకరోజు పురుగు మూతకి అంటుకుని గూడు కట్టేసింది. చెప్పకుండా ఉందామనుకున్నాడు. అబద్ధం చేతకాలేదు.

"ఇంక తినదండీ."

"ఓహో," అని లీల వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అతనికి గదిలో ఉండబుద్ధి కాలేదు, పోదామంటే వేరే చోటూ లేదు.

మూడోనాడు వానలో తడుస్తూ వచ్చింది, చేతిలో ఆకుతో.

"తినదని చెప్పాను కదండీ?"

"తెలుసు. వట్టి చేతుల్తో వస్తే ఎక్కడికే అని పెద్దమ్మ అడుగుతాది."

"మరి రెండ్రోజులూ రాలేదే?"

"మీరు రమ్మంటారేమో అని సూసాను."

"రండి లీలగారూ. పురుగున్నా లేకపోయినా రండి. మీరు రాకపోతే నాకేమీ తోచట్లేదు," అన్నాడు, వినీ వినబడకుండా.

లీల కొంగుతో మొహం తుడుచుకుంది. తుడిచింది వాననీళ్లొక్కటే కాదు.

"గుళ్లో అంత గట్టిగా పాట పెంచారు కదండీ! ఈ మాట కూడా అలాగే, మా పెద్దమ్మకి వినబడేలా సెప్పండి."