ఏడు రోజుల పేడ

కాంట్రాక్టర్ పుల్లయ్య ముంచేరకమని కాపలాదారు ఆనందం కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. ఒక్కడూ వినలేదు. నలభై రోజులుగా ఆనందం సస్పెన్షన్‌లో ఉన్నాడు. నేరం, పేడ దొంగతనం.

నవ్వొచ్చే కేసే. కానీ అది 1952. కరువు. పైగా కడప పక్కనున్న ఆ పశువుల ఫారంలో పేడకు లెక్క ఉంది.

ఎద్దుకు మేత తూచి పెడతారు. ఏడు రోజులు పేడంతా పట్టి, ఆరబెట్టి తూస్తారు. మేతకూ పేడకూ ఎండు తూకంలో ఎంత తేడా వస్తే అంత అరిగినట్టు. ఈసారి మేత పుల్లయ్య తెచ్చిన వేరుశనగ పొట్టు. రిపోర్టు బాగుంటే కరువు పల్లెలకు వెయ్యి బండ్ల ఆర్డరు.

రిపోర్టు మరీ బాగా వచ్చింది. నూటికి డెబ్భై పాళ్లు అరిగిందట. జొన్న చొప్పే అంత అరగదు. పై ఆఫీసరు అనుమానించాడు. పేడ ఎవరో తీశారు.

"ఆనందం పెండ్లాం పిడకలు కొడ్తాది సార్," అన్నాడు లాబ్ అసిస్టెంట్ శివన్న.

మంగళవారం సాయంత్రం 4.20. సబ్ ఇన్‌స్పెక్టర్ గఫూర్ ముగ్గురినీ కొట్టం ముందు నిలబెట్టాడు.

"పేడ తూచేదెవరు?"

"నేనే సార్. పొద్దున ఆరింటికి," అన్నాడు శివన్న.

"తాళాలు?"

"నాకాడొకటి, ఆనందం కాడొకటి."

"నీ దగ్గర లేదా పుల్లయ్యా?"

"పేడ పిసుక్కునే ఖర్మ నాకేం సామీ?"

గఫూర్ ఆనందం ఇంటి గోడ మీది అప్పటి పిడకలు నాలుగు తెప్పించి బకెట్లో నానేశాడు. పది నిమిషాలు ఆగి గుడ్డలో వడగట్టాడు. నాలుగు పిడకల్లోనూ ఒకటే పీచు.

"ఇదేంది?"

"జొన్న చొప్ప సార్. మా బర్రె తినేది అదే," అన్నాడు ఆనందం.

"ఫారం ఎద్దు చొప్ప తిని ఎన్నాళ్లయింది శివన్నా?"

"రెండు నెలలు."

గఫూర్ జేబులోంచి ఒక పొట్లం తీశాడు.

"ఇది నీ క్వార్టర్స్ వెనక వంకాయ మడిలో దొరికిన పేడ. కడిగితే వేరుశనగ పొట్టు మిగిలింది. ముక్క ముక్కగానే ఉంది. డెబ్భై పాళ్లు అరిగింది ఇదేనా?"

శివన్న పుల్లయ్యను చూశాడు. పుల్లయ్య నేల చూశాడు.

"పుల్లయ్యే దినామూ ఒక తట్ట తీసేయమనె సార్," అన్నాడు శివన్న.

"తీసినోడివి వంకలో పారేయలేకపోయావా?"

"పేడ ఎవురన్నా పారేస్తారా సార్?"

గఫూర్ స్టేట్‌మెంట్ రాసుకున్నాడు.

"ఆనందం, నీ నౌకరీ నీకొచ్చినట్టే. పో."

ఆనందం కదల్లేదు.

"ఈ నలభై దినాలు తిండికి నేలమ్మితి సార్."

"ఎవరికి?"

"ఈ కరువులో కొనేటోడు ఇంకెవుడుండాడు? పుల్లయ్యకే. రిజిస్ట్రీ గూడా అయిపాయె."

గఫూర్ కలం ఆగింది.

"ఎంత?"

"ఎకరా పన్నెండు సెంట్లు."